మానసాదేవి కొండ ఒకప్పుడు మైదానమే

హరిద్వార్ వెళ్లిన మనవాళ్లలో మానసాదేవి గుడికి ఎక్కనివాళ్లు తక్కువ. ఆ గుడి ఉన్న కొండ శివాలిక్ కొండల్లో భాగం, ఒకప్పుడు అది కింద కనిపించే గంగ మైదానం లాంటి చదును నేలే. హిమాలయాల గురించి చదివినవాటిలో నాకు మంచు శిఖరాల కన్నా ఈ సంగతే ఎక్కువ నచ్చుతుంది.

సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట మన భూఫలకం, అంటే మన దేశాన్ని మోస్తూ మెల్లగా కదిలే పెద్ద రాతి పలక, ఆసియాను ఢీకొట్టింది, కొండలు లేచాయి, లేచిన కొండల బరువంతా మన ఫలకం ఉత్తరపు అంచు మీద పడింది. కావడి బద్ద కొసకి బరువు కడితే ఆ కొస వంగినట్టు ఆ అంచు కిందికి వంగి, కొండల పొడవునా పెద్ద పల్లం ఏర్పడింది. మొదట్లో అక్కడ సముద్రం ఉండేది. హిమాచల్‌లోని సుబాథు రాళ్లలో తొలితరం తిమింగలం దవడ ఎముక దొరికింది కూడా. తర్వాత సముద్రం తప్పుకుంది, నదులు వచ్చి ఒండ్రు పోయడం మొదలుపెట్టాయి. పోసిన ఒండ్రు బరువుకి పల్లం ఇంకా కుంగుతుంది, కుంగిన చోట ఇంకొంత ఒండ్రు పడుతుంది, అందుకే కొండల మొదట్లో ఆ పొరల మందం కిలోమీటర్లలో ఉంటే దక్షిణానికి వచ్చేకొద్దీ పలచబడి బుందేల్‌ఖండ్ దగ్గర, ఝాన్సీ వైపు, పాత గ్రానైట్ రాయి బయటపడుతుంది. మన రైళ్లు ఆ దారినే ఢిల్లీ వెళ్తాయి, కిటికీలోంచి చూడొచ్చు.

ఫలకం మాత్రం ఆగలేదు. హిమాలయాల దగ్గర ఇప్పటికీ ఏడాదికి దాదాపు 2 సెంటీమీటర్ల మేర నేల నొక్కుకుపోతోంది. ఆ ఒత్తిడికి నేల చీలే చోటు మెల్లగా దక్షిణానికి జరుగుతూ వచ్చింది, చివరికి పల్లంలో పేరుకున్న పొరలే చీలి, మడతపడి, పైకి లేచి శివాలిక్ కొండలయ్యాయి.

సహారన్‌పూర్ నుంచి దెహ్రాదూన్ వెళ్లే పాత దారిలో, మోహండ్ దగ్గర, ఇది కళ్లకు కడుతుంది. ముందు మందమైన ఇసుకరాయి, పైకి వెళ్లేకొద్దీ నదిలో దొర్లి నున్నబడ్డ గులకరాళ్లు, పిడికిలంతవి, అంతకన్నా పెద్దవి, గట్టిపడిన ఇసుకలో కూరుకుని ఉంటాయి. పొరలన్నీ ఏటవాలుగా ఉంటాయి, నది రాళ్లను అలా ఏటవాలుగా పరవదు కదా! శివాలిక్ పొరల్లో మొత్తం మీద అడుగున సన్నని బురద, మధ్యలో ఇసుక, పైన గులకరాళ్లు. దూరంగా ఉన్న కొండ నుంచి బురదే అంతదూరం రాగలదు, రాళ్లు వచ్చాయంటే కొండ దగ్గరికి జరిగిందన్నమాట. కోటీ డెబ్భై, ఎనభై లక్షల ఏళ్ల కథ ఆ వరసలోనే ఉంది.

గంగ కాలువ తవ్వించిన ఆంగ్లేయ ఇంజినీరు ప్రోబీ కాట్లీ, శాస్త్రవేత్త హ్యూ ఫాల్కనర్‌తో కలిసి ఈ కొండల్లోనే పాతకాలపు జంతువుల ఎముకలు ఏరాడు. జిరాఫీకి చుట్టమైన, ఇప్పుడు అంతరించిపోయిన శివథీరియం అనే జంతువు సంగతి 1836లో లోకానికి తెలిసింది అలాగే.

అయితే ఈ పల్లం ఒండ్రు పంటలే కాదు, ప్రమాదమూ తెచ్చింది. 1934 జనవరి 15న భూకంపం వచ్చినప్పుడు బీహార్‌లో ఆ మెత్తటి నేల పెద్ద మేర పట్టు తప్పింది, ఇళ్లు ఒరిగి కుంగిపోయాయి, పొలాల్లో నేల పగిలి నీళ్లూ ఇసుకా పైకి ఎగదన్నాయి. అలాంటి ఒండ్రు మీదే ఈరోజు కోట్లమంది ఉంటున్నారు, ఇళ్లు ఏ నేల మీద కడుతున్నామో చూసి కట్టడం అక్కడ చాలా అవసరం.