ఎడమ చేయే కదా!

"ఎడమ చేయే కదమ్మా, అదృష్టవంతురాలివి. అన్నం తినడానికి, సంతకం పెట్టడానికి కుడిచేయి ఉందిగా" అన్నారు రౌండ్లకు వచ్చిన పెద్ద డాక్టరు, పక్షవాతంతో ఎడమవైపు పడిపోయిన నన్ను చూసి. ఊరడించడానికే అని ఉంటారు. కానీ నేను కడపలో జాకెట్లు కుట్టి బతికేదాన్ని. మిషన్ మీద గుడ్డను నడిపించేది, మలుపు తిప్పేది, జారకుండా అదిమిపట్టేది ఎడమ చేయే. నా పని ఏమిటో ఆయన అడగనే లేదు.

పక్షవాతం నిద్రలో వచ్చింది. మొదలైన 4.5 గంటల్లోపు ఆసుపత్రికి వస్తే మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇస్తారట. ఎప్పుడు మొదలైందో తెలియదు కాబట్టి నాకు కుదరదన్నారు. స్కానింగులు, సెలైన్లు, బిల్లులు అందరూ ఎరిగినవే.

మరిచిపోలేనిది ఒక రాత్రి. మెలకువ వచ్చి కుడిచేత్తో తడిమితే పక్కన చల్లగా, బరువుగా ఒక చేయి తగిలింది. ఎవరో నా మంచం మీద పడుకున్నారనుకుని కేక పెట్టాను. నెట్టేయబోతే గాజులు గలగలమన్నాయి. అవి నా గాజులే. లైటు వేసి చూపించినా ఆ చేయి నాదంటే కాసేపు నమ్మలేదు. మెదడు కుడివైపు దెబ్బతిన్న కొందరికి ఎడమ సగం తమది కాదనిపిస్తుందని తర్వాత ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. ఆ ముక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే, పిచ్చి పట్టిందనుకుని తెల్లవార్లూ ఏడ్చేదాన్ని కాదు.

ఆ అమ్మాయి చల్లగా ఉండాలి. "ఇంట్లో ఏమేం పనులు చేసేవారక్కా?" అని అడిగింది ఆమె ఒక్కతే. ఒక అద్దం తెప్పించి, రెండు చేతుల మధ్య నిలబెట్టి, కుడిచేయి ఆడిస్తూ అద్దంలోకే చూడమంది. ఎడమ చేయి ఆడుతున్నట్టే కనబడేది. తీసేసిన చేయి ఇంకా నొప్పి పెడుతోందనేవారి కోసం మెదడు శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1990లలో మొదలుపెట్టిన పద్ధతట ఇది. నా బొటనవేలు కదిలింది వెంకన్న దయవల్లే అంటుంది మా అత్త. అద్దం మోసింది కూడా అత్తే, కాబట్టి వాదించను.

ఇక పాదం వాలిపోకుండా పిక్క దాకా కట్టుకోమని ఇచ్చిన ప్లాస్టిక్ బ్రేసు. మంచి వస్తువే, కానీ బూటులో తొడుక్కోవడానికి చేసింది. మా ఇళ్లల్లో బూట్లతో తిరిగేదెవరు? తడిసిన కడప బండల మీద సబ్బుబిళ్లలా జారింది, గోడ ఆసరా దొరికింది కాబట్టి సరిపోయింది. దాని అడుగున రబ్బరు అతికించి ఇచ్చింది వీధి మలుపులో చెప్పులు కుట్టే ఆయన. అప్పటినుంచి నాకూ పట్టుదల పెరిగింది. చెక్కపలకకు స్టీలు మేకులు కొట్టించి, ఉల్లిగడ్డ వాటికి గుచ్చి ఒంటిచేత్తో కోస్తాను. కంచం కదలకుండా కింద తడిగుడ్డ. జాకెట్టుకు హుక్కుల బదులు వెల్‌క్రో పట్టీ, దానిమీద ఉత్తుత్తి హుక్కులు. పేరంటంలో నలుగురికీ తెలియాలా ఏమిటి! మిషన్ ఇనుప పలక మీద సూది పక్కన అయస్కాంతం పెడితే గుడ్డ అంచు దానికి ఆనుకుని తిన్నగా పోతుంది. "అంతా అయస్కాంతానికే వదిలేస్తే చేయి పని మరిచిపోతుందక్కా" అని ఆ అమ్మాయి కోప్పడితే, ఎడమ అరచేతిని గుడ్డ మీద బరువుగా పెట్టడం మొదలుపెట్టాను. ఇప్పుడు అది కొద్దికొద్దిగా తోస్తోంది.

ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే దయచేసి పడిపోయిన చేయి పట్టుకుని లేపకండి. మా మరిది అలా లాగితే నా భుజం కీలు జారింది. ప్రేమతోనే లాగాడు, అందుకే తిట్టలేకపోయాను. ఇప్పటికీ ఆ పక్కకు తిరిగి పడుకోలేను.

ఉగాదికి దేవుని కడప వెంకన్న గుడికి వెళ్లాం. ఆ రోజు ముస్లింలు కూడా స్వామి దర్శనానికి వస్తారు కాబట్టి మా పక్కింటి పెద్దావిడ తోడుగా వచ్చింది. గుమ్మం దగ్గర ఒకాయన నా బ్రేసు కింద రబ్బరు చూసి, చెప్పు విప్పమన్నాడు. నేను నోరు తెరిచేలోపే ఆవిడ "అది చెప్పు కాదయ్యా, ఆమె కాలు" అంది. ఆయన తడబడి, నీళ్లతో కడిగించి లోపలికి పంపాడు. స్వామికి దణ్ణం పెట్టాలో, ఎందుకిలా చేశావని అడగాలో తేల్చుకునేలోపే వెనకవాళ్లు తోసేశారు.