కృష్ణాపురం ఎర్రగడ్డ, మలేషియా నూనె, కువైట్ అకామా

మా కడప వైపు ఉల్లిపాయను ఎర్రగడ్డ అంటాం. అందులో కృష్ణాపురం రకం ఒకటి ఉంది. గడ్డ చిన్నది, ఘాటు ఎక్కువ. అందువల్ల మన దేశంలో దాన్ని కూరకు కొనేవారు దాదాపు లేరు. మలేషియా, సింగపూర్, థాయిలాండ్ వాసులు ఇష్టపడతారు కాబట్టే ఇక్కడి రైతు దాన్ని నాటుతున్నాడు. 2020 సెప్టెంబరు 14న కేంద్రం ఉల్లి ఎగుమతిని నిషేధించినప్పుడు, ఇక్కడ ఎవరూ తినని ఈ గడ్డ కూడా అందులో చిక్కుకుంది. దేశంలో ధర దించడానికి తెచ్చిన ఉత్తర్వు, దేశంలో గిరాకీయే లేని పంటను పొలంలో నిలబెట్టేసింది. మరుసటి నెలలో ఈ రకానికీ, బెంగళూరు రోజ్ రకానికీ 10 వేల టన్నుల చొప్పున చెన్నై రేవు మీదుగా అనుమతి ఇచ్చారు.

సరిహద్దు అనగానే చదువుకున్నవారికి ముళ్లకంచె గుర్తుకొస్తుంది. ఎర్రగడ్డ రైతుకు మాత్రం అది ఢిల్లీలో ఏ సాయంత్రమో వెలువడే ఒక కాగితం. 2023 ఆగస్టులో 40 శాతం ఎగుమతి సుంకం వేశారు, డిసెంబరు 8 నుంచి పూర్తిగా ఆపేశారు, 2024 మే నెలలో టన్నుకు 550 డాలర్ల కనీస ధర పెట్టి సడలించారు, చివరకు 2025 ఏప్రిల్ 1న సుంకం ఎత్తేశారు. నారు పోసిన నాటి నిబంధన గడ్డ పీకేనాటికి ఉంటుందన్న నమ్మకం లేదు. 1998లో ఢిల్లీ ఎన్నికల్లో ఉల్లి ధర ఎంత పని చేసిందో ఏ పార్టీ మరిచిపోలేదు గనుక, ఈ కాగితాలు ఆగుతాయని నేను అనుకోవడం లేదు. కనీసం నాటడానికి ముందే చెప్పమనడం మాత్రం అత్యాశ కాదు.

అయితే ఎగుమతులు ఆపవద్దని గట్టిగా అడిగే మేమే, శెనక్కాయల దగ్గరకు వచ్చేసరికి బయటి నూనెకు తలుపులు మూయమంటాం. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది; పామాయిల్ ప్రధానంగా ఇండోనేషియా, మలేషియాల నుంచి దిగుతుంది. 2024 సెప్టెంబరులో ముడి నూనెలపై మొత్తం సుంకాన్ని 27.5 శాతానికి పెంచితే శెనక్కాయ రైతులు సంతోషించారు, 2025 మే చివర దాన్ని 16.5 శాతానికి దించితే మండిపడ్డారు. మలేషియా మన గడ్డ కొనాలి గాని, తన నూనె మనకు అమ్మకూడదన్నమాట.

మా పెదనాన్న కొడుకు పదకొండేళ్లు కువైట్‌లో డ్రైవరుగా పనిచేశాడు. 2020 జూన్‌లో ఆ దేశ ప్రధాని, జనాభాలో 70 శాతమున్న విదేశీయులను 30 శాతానికి తగ్గించాలన్నప్పుడు, అకామా, అంటే అక్కడ ఉండడానికిచ్చే అనుమతి, రెన్యువల్ కాదేమోనని నిద్రపోలేదని చెప్పేవాడు. ఒకనాడు మా ఇంటి అరుగు మీద ఆయన పామాయిల్ దిగుమతిని తిడుతుంటే, ఉండబట్టలేక అడిగాను: ‘‘అన్నా, మన నూనెగింజల కోసం మలేషియా నూనె మనకొద్దంటున్నాం. తమ పిల్లల ఉద్యోగాల కోసం మన మనిషి వద్దని కువైట్ వాళ్లంటే తప్పేముంది?’’

ఆయన కాసేపు ఆలోచించి, ‘‘నూనె డబ్బాకు ఇంటికాడ పెండ్లాం పిల్లోళ్లు ఉండరు కదరా’’ అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నూనె డబ్బా వెనక కూడా ఎవరో ఒక కూలీ ఇల్లు ఉంటుందని తర్వాత తోచింది గాని, అప్పటికే ఆయన లేచి వెళ్లిపోయాడు. ఇప్పుడు ఆయన ఎకరన్నరలో కృష్ణాపురం గడ్డ వేశాడు. వారానికోసారి నాకు ఫోన్ చేస్తాడు గాని, ధర అడగడు. ఢిల్లీ నుంచి కొత్త కాగితమేమైనా వచ్చిందా అని మాత్రం అడుగుతాడు.