సంభావ్యత: ఫార్ములా కన్నా ముందు లెక్కపెట్టడం నేర్చుకున్నాను

సంభావ్యత చాప్టర్‌లో ఫార్ములాలు పట్టుమని పది ఉండవు. అయినా పరీక్ష హాల్లో ఎక్కువ టెన్షన్ పెట్టేది అదే. నాకు అది దారికొచ్చింది ఒక్క అలవాటు వల్ల: ప్రశ్న చదవగానే ఫార్ములా జోలికి పోకుండా, ఏయే ఫలితాలు రావచ్చో రాసుకుని, అవన్నీ సమసంభవాలేనా, అంటే అన్నింటికీ ఒకే అవకాశం ఉందా అని చూడటం.

అనుకూల ఫలితాల సంఖ్యను మొత్తం ఫలితాల సంఖ్యతో భాగించాలని అందరికీ తెలుసు. ఫలితాలన్నీ సమసంభవాలైతేనే అది చెల్లుతుందన్న షరతునే వదిలేస్తాం. రెండు నాణేలు వేస్తే కనీసం ఒక బొమ్మ పడే సంభావ్యత 2/3 అని 1754లో ఫ్రెంచ్ గణితవేత్త దలాంబేర్ రాశాడు. మొదటి నాణేనికే బొమ్మ పడితే రెండోది వేయక్కర్లేదు కాబట్టి ఫలితాలు మూడేనని (బొమ్మ; బొరుసు-బొమ్మ; బొరుసు-బొరుసు) ఆయన లెక్క. కానీ మొదటి ఫలితానికి 1/2, మిగతా రెండింటికి 1/4 చొప్పున వస్తాయి. సరైన జవాబు 3/4. అంతటివాడే అలా రాశాడంటే, రఫ్ పేజీలో రెండు లైన్లు ఎక్కువ రాయడానికి మనకు నామోషీ దేనికి?

ఇంకో లెక్క మీరే చేసి చూడండి. మూడు పాచికలు వేస్తే మొత్తం 9 ఎక్కువసార్లు వస్తుందా, 10 వస్తుందా? రెండింటినీ ఆరేసి రకాలుగా విడగొట్టవచ్చు, అందుకే సమానమనిపిస్తుంది. కానీ 1, 2, 6 ఆరు వరసల్లో పడతాయి. 3, 3, 3 ఒకే ఒక్క వరసలో. అలా లెక్కిస్తే 216లో 9కి 25, 10కి 27. గెలీలియో వివరించిన ప్రశ్నే ఇది. ప్రస్తారాలు, అంటే వరస మార్చి అమర్చే రకాలు, సంభావ్యతకు ఎందుకు కావాలో నాకు దీనితోనే అర్థమైంది.

పరస్పర వివర్జిత ఘటనలు (రెండూ ఒకేసారి జరగనివి), స్వతంత్ర ఘటనలు (ఒకటి జరిగినా రెండోదాని అవకాశం మారనివి) ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. నిజానికి దాదాపు వ్యతిరేకం. ఒకటి జరిగితే రెండోది జరగదని తేలిపోయినప్పుడు అవి స్వతంత్రం ఎలా అవుతాయి? రెండింటి సంభావ్యతా సున్నా కానప్పుడు అది కుదరదు. ప్రశ్నలో "కనీసం" అని కనిపిస్తే నేను నేరుగా వెళ్లను, అది ఒక్కసారి కూడా జరగని సంభావ్యతను 1లోంచి తీసేస్తాను. పాచికను నాలుగుసార్లు వేస్తే కనీసం ఒక ఆరు పడే సంభావ్యత 1 − (5/6)⁴, అంటే 671/1296. సగం కన్నా కాస్త ఎక్కువ.

సాంఖ్యకశాస్త్రం మార్కులు తేలిగ్గా ఇచ్చే భాగం, ఓపిక ఉంటే చాలు. 1002, 1004, 1006, 1008, 1010ల విస్తృతి (సగటు నుంచి తేడాల వర్గాల సగటు) అడిగితే 1000 తీసేసి చేయండి, 8 వస్తుంది. ప్రతి విలువకూ ఒకే సంఖ్య కలిపినా తీసేసినా విస్తృతి మారదు. 3తో గుణిస్తే మాత్రం తొమ్మిది రెట్లై 72 అవుతుంది. తొందరలో 24 గుర్తించేస్తాం. వర్గీకృత దత్తాంశానికైతే (తరగతులుగా విడగొట్టి ఇచ్చిన అంకెలకు) పట్టిక పూర్తిగా వేయండి, మనసులో కూడికలు వద్దు. చివర్లో విస్తృతి రుణసంఖ్యగానో, సంభావ్యత 1 దాటో వస్తే ఆ లెక్క అక్కడే మళ్లీ చూసుకోండి, అర నిమిషం పని.