ఏడో ఆదివారం హిందూపురం

2023 అక్టోబరు చివర్లో ముంబైలో ఆఖరి పద్మిని టాక్సీ రోడ్డు దిగిపోయిందని పేపర్లో వచ్చిన రోజు హిందూపురం నుంచి మామ ఫోన్ చేశాడు. "మన బండికి కూడా పాతసామాన్లోడు వచ్చి బేరం పెట్టినాడు అల్లుడా. తూకానికి తీసుకుంటాడంట" అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. "ఇయ్యొద్దు మామా, నేనొచ్చి తీసుకపోతా" అన్నాను.

అది 1983 ప్రీమియర్ పద్మిని, ఫియట్ నమూనాలో ఇక్కడే చేసిన కారు. 1089 సీసీ ఇంజను, స్టీరింగ్ పక్కనే గేరు రాడ్డు, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులు. నన్ను మొదటిరోజు బడికి తీసుకెళ్లింది ఆ బండే. మా అక్క అత్తారింటికి వెళ్లిందీ అందులోనే. మామకు చూపు తగ్గాక ఎనిమిదేళ్లు రేకుల షెడ్డులో ఉండిపోయింది. లారీ మీద ఎక్కించి బెంగళూరులో యలహంకలోని మా ఇంటికి తెచ్చుకున్నాను.

రిపేరుకు ఏడాది పట్టింది. శివాజీనగర్ వైపు పాత ఫియట్లు చేసే ఒక మెకానిక్ దొరికాడు, అందరూ భాయ్ అంటారు. ఆయన మొదట ఇంజను జోలికి పోలేదు. "కదలకపోతే ఇంట్లో ఉంటుంది. ఆగకపోతే ఎక్కడుంటుంది?" అని ముందు బ్రేకులు విప్పాడు. వీల్ సిలిండర్లు నాలుగూ పట్టేసి ఉన్నాయి. మాస్టర్ సిలిండర్ కిట్టు, బ్రేకు లైనింగులు, రేడియేటర్ హోసులు, ఫ్యాన్ బెల్టు అన్నీ విడిభాగాల దుకాణాలుండే జేసీ రోడ్డులో దొరికాయి. పెట్రోలు ట్యాంకు దింపి, లోపలి తుప్పు కడిగించాం. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు పైపులు దానికి ఉబ్బి, పగులుతాయి. ఇంజను మీద పెట్రోలు కారితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పాత బండి ఉన్నవాళ్లు వేరే ఏది వాయిదా వేసినా సరే, ఆ పైపులూ గాలీ పెట్రోలూ కలిపే కార్బొరేటర్ కిట్టూ ఇథనాల్‌కు తట్టుకునేవి వేయించుకోవాలి.

కాగితాల సంగతి క్లుప్తంగా చెప్తాను. వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి. పాత రాష్ట్రం నుంచి అభ్యంతరం లేదన్న పత్రానికి (ఎన్ఓసీ) ఫారం 28, పేరు మార్పుకు 29, 30, కొత్త నంబరుకు 27, ఆర్సీ రెన్యువల్‌కు 25. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయాలి. మా బండికి తుప్పు పట్టి అంకెలు కనపడక, కిరోసిన్ పెట్టి ఒక పూటంతా రుద్దాను. ఒక ఆఫీసులో మా ఫైలు రెండు నెలలు కనపడకుండా పోయింది, ఆ టెన్షన్ ఇంట్లో అందరికీ తెలుసు. రెన్యువల్ ఫీజు నేను కట్టినప్పుడు 5,000. 2025 ఆగస్టు నుంచి, 20 ఏళ్లు దాటిన కార్లకు అది 10,000 అయింది. మళ్లీ అయిదేళ్లకు కట్టాలి. వింటేజ్ నంబరు తీసుకోమని చాలామంది సలహా ఇచ్చారు. 2021 నిబంధనల ప్రకారం దానికి బండి వయసు 50 ఏళ్లు దాటాలి. పైగా ఆ నంబరుతో రోజువారీగా తిప్పకూడదు. నాకు కావలసింది తిరిగే బండి.

2025 ఫిబ్రవరికి అన్నీ సిద్ధమయ్యాయి. ఇక హిందూపురం తీసుకెళ్లి మామకు చూపించడమే అనుకున్నాను. మా ఇంటి నుంచి దొడ్డబళ్లాపురం, గౌరిబిదనూరు మీదుగా పోతే ఎనభై కిలోమీటర్ల పైచిలుకు. భాయ్ తల అడ్డంగా ఊపాడు. "బండి సిద్ధమే, నువ్వు కాలేదు. వారం వారం కొంచెం కొంచెం పో" అన్నాడు. క్యాలెండర్ చూస్తే ఉగాది మార్చి 30, ఆదివారం. మధ్యలో ఆరు ఆదివారాలు ఉన్నాయి.

మొదటి ఆదివారం యలహంక చెరువు చుట్టుపక్కలే. తెల్లవారుజామున చలి ఇంకా ఉంది. చల్లని ఇంజనుకు పెట్రోలు ఎక్కువ అందించే చోక్ లాగి, సెల్ఫ్ కొట్టి, ఇంజను నింపాదిగా ఆడేదాకా ఆగి, చోక్ కొద్దికొద్దిగా లోపలికి నెట్టాలి. తొందరపడితే ఆగిపోతుంది. ఫస్టు గేరు బండి పూర్తిగా నిలబడితే తప్ప పడదు. రోజూ నడిపే కారు అలవాటు వల్ల నా ఎడమచేయి పదేపదే సీటు పక్కకు వెళ్లి గాలిని పట్టుకుంటోంది.

రెండో ఆదివారం బళ్లారి రోడ్డు మీదుగా ఊర్లోకి వెళ్లాం. కబ్బన్ పార్కు లోపలి రోడ్లలోకి ఆదివారం బండ్లను పంపరు, బయట కస్తూర్బా రోడ్డు మీద తిరిగాం. టబెబుయా చెట్లు ఆకులన్నీ రాల్చేసి ఒట్టి గులాబీరంగు పూలతో నిలబడి ఉన్నాయి. పద్మిని ముందు అద్దాల పక్కన చిన్న త్రికోణం అద్దాలు ఉంటాయి. వాటిని మన వైపుకు తిప్పితే గాలి నేరుగా ముఖానికి కొడుతుంది. ఏసీ కార్లలో ఎన్నేళ్లుగానో తిరుగుతున్నాను, ఊరికి వాసన ఉంటుందని ఆ రోజే మళ్లీ తెలిసింది. తడిపిన రోడ్డు, కాఫీ, రాలిన పూలు.

ఆ వారమే శివరాత్రి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు, నిజంగానే పోయింది. మూడో ఆదివారం దొడ్డబళ్లాపురం వెళ్లి, టిఫిను తిని, కబుర్లలో పడి పదకొండుకు తిరుగుముఖం పట్టాం. రాజానుకుంటె దగ్గర ట్రాఫిక్కులో బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజను అందుకోవడం లేదు. భాయ్‌కి ఫోన్ చేస్తే, "ట్యాంకు నుంచి పెట్రోలు లాగే పంపు పట్టుకుని చూడు" అన్నాడు. చేయి పెట్టలేకపోయాను. ఆ వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరై బుడగ కట్టింది. పంపు దాన్ని లాగలేదు, కార్బొరేటర్‌కు చుక్క అందదు. ఎదురుగా కొబ్బరిబోండాల ఆయన్ని నీళ్లడిగి, గుడ్డ తడిపి పంపు మీద చుట్టాం. ఇరవై నిమిషాలకు స్టార్టయింది. అప్పటి నుంచి డిక్కీలో ఒక తువ్వాలు, రెండు సీసాల నీళ్లు ఎప్పుడూ ఉంటాయి. తొమ్మిదిన్నరకల్లా ఇంటికి చేరేలా తిరగడం కూడా అలవాటయింది.

నాలుగో, అయిదో ఆదివారాలు మాకలిదుర్గం ఘాటుకే ఇచ్చేశాను. నేను నిజంగా డ్రైవింగ్ నేర్చుకున్నది అక్కడే. దొడ్డబళ్లాపురం దాటాక కొండల మధ్య రోడ్డు గౌరిబిదనూరు వైపు దిగుతుంది. మొదటిసారి దిగేటప్పుడు బ్రేకు మీద కాలు తీయకుండా దిగాను. సగం దూరానికి పెడల్ లోపలికి జారడం మొదలైంది, కాలిన వాసన వచ్చింది. డ్రమ్ములు వేడెక్కితే బ్రేకు పట్టు తప్పుతుంది. పక్కకు తీసి ఆపాను. మా ఆవిడ ఏమీ మాట్లాడలేదు, అదే నాకు ఎక్కువ భయం వేసింది. తర్వాతి వారం మళ్లీ అక్కడికే వెళ్లి, పైనే సెకండు గేరులో వేసి, ఇంజనునే బ్రేకుగా వాడుతూ దిగాను. మళ్లీ ఎక్కి, మళ్లీ దిగాను. మూడోసారికి ఎక్కడ కాలు పెట్టాలో, ఎక్కడ వదలాలో ఇంజను మోతే చెప్పింది.

ఆరో ఆదివారం గౌరిబిదనూరు దాటి విదురాశ్వత్థం దాకా వెళ్లాం. 1938 ఏప్రిల్‌లో జెండా సత్యాగ్రహం కోసం చేరిన జనం మీద కాల్పులు జరిగిన చోటు అది. స్మారకం ముందు కాసేపు నిలబడి, ఎండ ముదరకముందే వెనక్కి తిరిగాం. వచ్చేటప్పుడు ఘాటు ఎక్కాలి కదా.

ఉగాది ముందు రోజు సాయంత్రం భాయ్ ఉపవాసం మీదే వచ్చి ఇంజనులో నిప్పురవ్వ వేళకు పడేలా చూసే పాయింట్లు సరిచేసి, బ్రేకు ఆయిలు చూసి, ఇఫ్తార్ వేళకు వెళ్లిపోయాడు. మర్నాడు అయిదున్నరకు బయల్దేరాం. పంచాంగంలో వసంతం ఆ రోజే మొదలు. దారిలో కానుగలు కొత్త చిగుళ్లతో మెరుస్తున్నాయి, వాటి కింద రాలిన పూలు పరిచినట్టున్నాయి. అరవై దాటకుండా నడిపాను. ఘాటు సెకండులో దిగాం. గౌరిబిదనూరు దాటి కొంతదూరం పోయాక దుకాణాల బోర్డులు తెలుగులోకి మారాయి.

మామ వీధి చివరే నిలబడి ఉన్నాడు. చూపు తగ్గింది కదా, బండి ఇంకా దూరంలో ఉండగానే మోతకు తల తిప్పాడు. దగ్గరికొచ్చి బానెట్ మీద అరచేయి ఆనించి కాసేపు విన్నాడు.

"పాయింట్లు ఎవరు పెట్టినారు?"

"భాయ్ మామా. నిన్న సాయంత్రం."

"చెయ్యి మంచిదే" అన్నాడు.

ఇంజను ఆపాక డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. క్లచ్ తొక్కి గేరు రాడ్డును ఒకటి, రెండు, మూడు, నాలుగు వేశాడు, ఎదురుగా చూస్తూనే. అత్త ఉగాది పచ్చడి గిన్నె తెచ్చి కిటికీలోంచి అందించింది. అక్కడే కూర్చుని తిన్నాడు.

"లేపాక్షి పోదాం పద. బసవన్నను చూసొద్దాం" అన్నాడు. పదిహేను కిలోమీటర్లు. అప్పటికే పది దాటింది.

"ఇప్పుడొద్దు మామా, ఎండకు పంపు వేడెక్కుతుంది. సాయంత్రం పోదాం."

మామ నా వైపు తిరిగి, కాసేపు అలాగే ఉన్నాడు. "సరే. అయిదుకు" అన్నాడు.

అయిదుకు ఎండ వాలాక బయల్దేరాం. వెనక సీట్లో అత్త, మా ఆవిడ. మామ నా పక్కన కూర్చుని, చేత్తో తడుముకుంటూ తన వైపు త్రికోణం అద్దాన్ని గాలికి తిప్పుకున్నాడు.