తాడ్వాయి ఒర్రె లాగ్: నీళ్లకంటే ముందు రాళ్లు

వానలు వెనకబట్టాయి, ఒర్రెలో మళ్లీ అడుగు కనిపిస్తోంది. ఒర్రె ఎంత బాగుందో చూసి మార్కులు వేయడానికి ఇదే మంచి అదను. ములుగు జిల్లా తాడ్వాయి అడవిలోంచి జంపన్న వాగు వైపు దిగే చిన్న ఒర్రె ఇది.

వాడుతున్నది అమెరికా వ్యవసాయ శాఖ 1998లో తెచ్చిన ఎస్‌వీఏపీ (స్ట్రీమ్ విజువల్ అసెస్‌మెంట్ ప్రోటోకాల్), అంటే వాగును కంటితో చూసి అంచనా వేసే పద్ధతి. ల్యాబ్ అక్కర్లేదు. ఒడ్ల దాకా నిండుగా పారేటప్పటి వెడల్పుకు 12 రెట్ల పొడవు నడిచి ఒడ్డు కోత, చెట్ల నీడ, నీటి రంగు, పాచి, మడుగులు, పురుగులు ఒక్కొక్కటీ చూసి 1 నుంచి 10 లోపు మార్కు వేయాలి. మనకు వర్తించనిది వదిలేయొచ్చు. సగటు 6 దాటకపోతే వాగు బాగాలేనట్టు, 9 దాటితే భేషుగ్గా ఉన్నట్టు.

నా మటుకు అసలు సంగతి రాళ్లలోనే ఉంది. ట్రాక్టర్లు దాటే చోటికి పైన, కింద నీళ్లు ఒకేలా తేటగా ఉన్నాయి. నీళ్లొక్కటే చూస్తే రెండింటికీ ఒకే మార్కు పడేది. పైన మాత్రం రాయి అలవోకగా చేతిలోకి వచ్చింది. అడుగున ఇసుక రేణువులు అంటించుకున్న సన్నటి గొట్టాలు, అంటే క్యాడిస్‌ఫ్లై అనే నీటి పురుగు పిల్లల ఇళ్లు. పక్కనే మూడు తోకల మేఫ్లై (ఇంకో రకం నీటి పురుగు) పిల్ల బల్లపరుపుగా అతుక్కుని ఉంది. కింద అదే సైజు రాయిని పెకలించాల్సి వచ్చింది. సగానికి దగ్గరగా బురదలో దిగబడింది, ఆ గీత రాయి మీదే తెలుస్తుంది. ఐదో వంతు లోపు కూరుకుంటే 10, 40 శాతం దాటితే 3. రాళ్ల సందులు మట్టితో పూడుకుపోతే పురుగుకు చోటేది? పురుగు లేకపోతే చేపకు తిండేది?

సామాను పెద్దగా ఏం లేదు: తెల్ల ప్లాస్టిక్ టబ్బు, మెత్తటి పెయింట్ బ్రష్, స్కేలు, ఫోన్. రాయిని టబ్బులో కడిగి, చూశాక పురుగులతో సహా తీసిన చోటే పెట్టేయాలి. అడవిలోకి వెళ్లే ముందు ఫారెస్ట్ వాళ్ల అనుమతి తప్పనిసరి. ఎగువన మబ్బు పట్టి ఉంటే దిగొద్దు. బావమరిది, నేను ఎవరి మార్కులు వాళ్లం వేసుకుని తర్వాత పోల్చుకుంటాం. తేడా ఎక్కువగా వచ్చేది ఒడ్డు కోత దగ్గరే.

ఎండాకాలంలో ఎండిపోవడం మన ఒర్రెలకు సహజం, అందుకే దానికి మార్కు తగ్గించడం లేదు, విడిగా రాసుకుంటున్నాను. ట్రాక్టర్లు దాటే చోట బండరాళ్లు పరిస్తే మట్టి దిగడం తగ్గుతుందనిపిస్తోంది. ఫొటోలు పట్టుకుని ఊరి పెద్దలతో, ఫారెస్ట్ వాళ్లతో మాట్లాడాలి. సంక్రాంతికి నీళ్లు సన్నబడేలోపు అవే రెండు చోట్ల మళ్లీ రాళ్లు తీసి చూస్తాను.