కర్టిస్ కథకి ఒక టమాటా డబ్బా, ఒక పంచె ముక్క

అమెరికా బడిలో జీవిత చరిత్ర ప్రాజెక్టుకి మీ పిల్లలు మోటార్‌సైకిళ్లు, తొలినాటి విమానాలు తయారుచేసిన గ్లెన్ కర్టిస్‌ని ఎంచుకుంటే, ఇంగ్లీషు సమాచారం ఎలాగూ దొరుకుతుంది. ఆయన చేసిన యంత్రాలను తెలుగులో చేతికందించడం మాత్రం ఇంట్లోనే జరగాలి. తేదీలు అప్పజెప్పించకండి.

1878లో న్యూయార్క్ రాష్ట్రం హామండ్స్‌పోర్ట్‌లో పుట్టిన కర్టిస్ సైకిళ్ల కొట్టు నడిపేవాడు. తొలి మోటార్‌సైకిల్‌కి కార్బురేటర్, అంటే పెట్రోలుని గాలితో కలిపి ఇంజన్‌కి అందించే భాగం, టమాటా డబ్బాతో చేసుకున్నాడు. లోపలి సన్నటి వల పెట్రోలును పైకి పీల్చేది. ఖాళీ డబ్బాలో రెండు అంగుళాల రంగు నీళ్లు పోసి, బ్యాండేజీ గుడ్డ కొస ముంచండి. దీపం వత్తి నూనె తాగినట్టే రంగు పైకి పాకుతుంది. గుడ్డని పేనకుండా వదులుగా వేలాడనివ్వండి. పెట్రోలు జోలికి మాత్రం పోవద్దు.

1907 జనవరిలో, ఫ్లోరిడా ఆర్మండ్ బీచ్‌లో ఎనిమిది సిలిండర్ల మోటార్‌సైకిల్ మీద మైలు దూరం 26.4 సెకన్లలో దాటాడు. 3600ని 26.4తో పిల్లల చేతే భాగించనివ్వండి: గంటకి 136.36 మైళ్లు. రెండో పరుగులో ఇంజన్ బలాన్ని చక్రానికి అందించే కడ్డీ కీలు విరిగింది, పడిపోకుండా బతికి బయటపడ్డాడు.

కర్టిస్ 1908 జులై 4న ఎగరేసిన జూన్ బగ్ అనే విమానానికి అసలు కష్టం గుడ్డ దగ్గరే. మొదట్లో రెక్కల గుడ్డలోంచి గాలి దూరిపోయేది, ఇక రెక్కకి ఎత్తే బలం ఎక్కడిది? పారఫిన్ కలిపిన వార్నిష్ పూశాక ఎగిరింది. పాత పంచె ముక్కకి అటువైపు అరచెయ్యి పెట్టించి, ఇటునుంచి ఊదండి, గాలి తగులుతుంది. ఇప్పుడు కొవ్వొత్తి గట్టిగా రుద్ది మళ్లీ ఊదండి. కొవ్వొత్తి మైనం కూడా పారఫినే. పలచగా రుద్దితే గాలి కారుతుంది, రెండువైపులా రుద్దాలి.

ఆ విమానంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది పైలట్ భుజాలకి తగిలించిన కాడి. రెక్కల కొసల్లోని చిన్న పలకల తాళ్లు ఆ కాడికి కట్టి ఉండేవి, పైలట్ ఒళ్లు వాల్చితే పలకలు కదిలేవి. బండి మీద ఒరిగే అలవాటున్న మనిషికి ఎంత సహజం! పిల్లల్ని కుర్చీలో కూర్చోబెట్టి "కుడి రెక్క కిందికి వాలింది" అనండి. చాలామంది కుడికే వాలతారు. ఎడమకి, అంటే పైకి లేచిన రెక్క వైపు వాలాలి. అప్పుడు కుడి కొస పలక కిందికి వంగి ఆ రెక్కని లేపుతుంది. పిల్లలు ఇంగ్లీషు కలిపి "లెఫ్ట్ వింగ్ వాలింది" అన్నా ఆట ఆపి సరిదిద్దకండి. మీ తర్వాతి వాక్యంలో "ఎడమ రెక్కా? అయితే ఎటు వాలాలి?" అంటే చాలు.