పొదుగువాపు చాప్టర్: గొర్రెను చిన్న ఆవు అనుకోకండి

పశువైద్య పరీక్షలకు చదువుతున్న శ్రీకాకుళం, విజయనగరం మిత్రులకు గొర్రెల పొదుగువాపులో ఇమ్యూనిటీ భాగం కొరకరాని కొయ్యే. మన పల్లెల్లో గొర్రెను ఎక్కువగా మాంసానికే పెంచుతారు, పాలు పిల్లకే పోతాయి. దాంతో పాడిగొర్రె గురించి అడిగితే ఆవు పాఠమే తిరగరాసి మార్కులు పోగొట్టుకుంటాం.

ముందు తెల్లకాగితం మీద పొదుగు బొమ్మ వేయండి. రెండే అరలు, రెండే చనుకట్లు. క్రిమి వెళ్లే దారికి బాణం గీసి, ఎదురయ్యే ప్రతి అడ్డంకినీ దాని చోటే రాయండి. జాబితాగా బట్టీపడితే పేర్లు మిగిలినా వరస గుర్తుండదు.

మొదటి గుమ్మం చనుకట్టు కొన. అక్కడ రంధ్రాన్ని బిగించే కండర వలయం, లోపల కెరాటిన్ పొర ఉంటాయి. కెరాటిన్‌లోని కొవ్వు ఆమ్లాలు బ్యాక్టీరియాను అణచిపెడతాయి. పాలు పితికాక రంధ్రం వెంటనే మూసుకోదు. పితకగానే మేత వేసి కాసేపు నిలబెట్టాలనడం ఇందుకే. ఓర్ఫ్ (వైరస్ వల్ల వచ్చే చర్మవ్యాధి) పుండ్లు లేచి చర్మం చిట్లితే ఈ గుమ్మం బలహీనపడుతుంది. పిల్ల నోటి నుంచి మాన్‌హైమియా హీమోలిటికా అనే బ్యాక్టీరియా ఎక్కే దారీ ఇదే. పిల్లలు తాగే మన మందలకు ఇది నేరుగా వర్తిస్తుంది కాబట్టి జవాబులో తప్పక రాయండి.

రంధ్రం దాటి పాలగదిలోకి తెరుచుకునే చోట గొర్రెలో లింఫోసైట్ల (ఒక రకం తెల్లరక్త కణాలు) గుంపులు కనిపిస్తాయి. చాలామంది వదిలేసే ఈ పాయింటే గొర్రె జవాబుకు ప్రాణం.

అదీ దాటితే కణాల వంతు. ఆరోగ్యంగా ఉన్న గొర్రె పాలలో క్రిములను మింగే మాక్రోఫేజ్ కణాలదే పైచేయి. గ్రామ్ పాజిటివ్ క్రిముల గోడ భాగాలను టీఎల్ఆర్-2 అనే కణ గ్రాహకం, గ్రామ్ నెగటివ్ క్రిముల ఎల్‌పీఎస్‌ను (వాటి బయటి పొరలోని పదార్థం) టీఎల్ఆర్-4 పసిగడతాయి. మాక్రోఫేజ్‌లు, పొదుగు ఎపిథీలియల్ కణాలు వదిలే ఐఎల్-8 అనే సంకేత ప్రోటీన్ పిలుపుకు రక్తం నుంచి న్యూట్రోఫిల్స్ (క్రిములను మింగే తెల్లరక్త కణాలు) తరలివస్తాయి. కానీ అవి పాలలోని కొవ్వు బిందువులనూ కేసీన్ అనే పాల ప్రోటీన్‌నూ కూడా మింగేస్తాయి. దాంతో క్రిములను చంపే సత్తా తగ్గుతుంది. రక్తంలో చురుగ్గా ఉండే కణం పొదుగులో ఎందుకు తడబడుతుందని అడిగితే ఇదే రాయాలి. పాలలోని లాక్టోఫెరిన్ అనే ప్రోటీన్ ఇనుమును పట్టేసి క్రిములకు అందనివ్వదు. అయితే పాలు పుష్కలంగా ఉన్నప్పుడు పాలలోని సిట్రేట్ ఇనుము కోసం దానికి పోటీ వస్తుంది. వట్టిపోయిన దశలో లాక్టోఫెరిన్ పెరిగి, సిట్రేట్ తగ్గి, దాని పనితనం బాగుంటుంది.

యాంటీబాడీల దగ్గర తడబాటు ఎక్కువ. ముర్రుపాలలో పుష్కలంగా ఉండేది ఐజీజీ-1 రకం యాంటీబాడీ. న్యూట్రోఫిల్ క్రిమిని పట్టుకోవడానికి బాగా తోడ్పడేది ఐజీజీ-2. ఈ రెండూ తారుమారు చేయకండి.

సొమాటిక్ కణాల (పాలలో కనిపించే శరీర కణాలు, పొదుగువాపులో పెరుగుతాయి) లెక్కలో ఆవుకు వాడే మిల్లీలీటరుకు 2 లక్షల గీతను గొర్రెకు అంటగట్టకండి. గొర్రెకు అందరూ ఒప్పుకున్న ఒకే హద్దు లేదు. 2.5 లక్షల నుంచి 5 లక్షల మధ్య అంకెలు వాడుకలో ఉన్నాయి. మేకను మరీ వేరుగా చూడాలి. దాని పాలలో కేంద్రకం లేని కణ ముక్కలు గొర్రె పాలలో కంటే చాలా ఎక్కువ, అవి లెక్కను పెంచేస్తాయి.

జన్యువుల ప్రశ్న వస్తే ఫ్రాన్స్‌లోని లకోన్ జాతిని గుర్తుంచుకోండి. ఎస్ఓసీఎస్-2 జన్యువులో ఒక్క మార్పుతో శరీర బరువు, పాలు పెరుగుతాయి, పొదుగువాపుకు లొంగే గుణమూ పెరుగుతుంది. ఈ ఫలితం 2015లో వెలువడింది.

ప్రాక్టికల్‌కు సీఎంటీ (పాలలో కణాలు పెరిగాయో లేదో చూసే కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్) చేతికి అలవాటు చేసుకోండి. తొలి ధారలు పారబోసి, ఒక్కో అర పాలను విడి గిన్నెలో 2 మిల్లీలీటర్లు తీసుకుని, అంతే రసాయనం కలిపి గుండ్రంగా తిప్పాలి. కణాలు పగిలి బయటపడిన డీఎన్ఏ వల్లే జిగురు వస్తుంది. రెండు అరల పాలూ ఒకే గిన్నెలో పోస్తే ఏ అర చెడిందో తేలదు. ఈనిన తొలిరోజుల్లో కణాలు సహజంగానే ఎక్కువ కాబట్టి అప్పటి జిగురు చూసి జబ్బని రాసేయకండి.